తీరిక ఎవరిది? - అల్లిక, పఠనం, వ్యాపకాలపై ఒక పరిశీలన

శనివారం సాయంకాలం కళాశాల చివరి గంట మ్రోగిన తరువాత మనిషికి కొన్ని గంటలు మిగులుతాయి. ఆ గంటలకు జీతం లేదు, హాజరుపట్టీ లేదు, పరీక్ష లేదు. వాటిని ఎలా గడిపావని అడిగే అధికారి కూడా లేడు. అందుచేతనే మన పాఠ్యప్రణాళికలో వాటికి చోటు దొరకలేదు. అయినా మనిషి స్వభావం నిజంగా తెలియవచ్చేది ఆ గంటలలోనే అని నా నమ్మకం. వృత్తిరీత్యా నేను తెలుగు అధ్యాపకురాలిని. తీరిక వేళ ఊలు దారంతో స్వెటర్లు, పసిపిల్లల టోపీలు అల్లే అలవాటు కలదాన్ని. వారాంతాలలో సూదులు చేతబట్టి కూర్చున్నప్పుడు నాకు కలిగిన కొన్ని ఆలోచనలను విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆలోచనలకు కారణం తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి. 'నా తీరిక సమయం' అనే అంశంపై ఒక పేజీ వ్రాయమని డిగ్రీ ద్వితీయ సంవత్సరం విద్యార్థులను కోరాను. సగానికి పైగా 'ఫోను చూస్తాను' అని వ్రాశారు. కొందరు క్రికెట్టు అన్నారు, ఒకరిద్దరు పుస్తకాలన్నారు. ఒక విద్యార్థిని మాత్రం "ఖాళీగా ఉన్నప్పుడు చీరల మీద జరీ పని చేస్తాను" అని ఒకే వాక్యం వ్రాసి ఊరుకుంది. తరువాత పిలిచి మాట్లాడగా అసలు విషయం తెలిసింది. ఆ 'ఖాళీ' ఆమె ఇల్లు చేరింది మొదలు రాత్రి పదకొండు గంటల వరకు సాగుతుంది. ఆమె ఫీజు, తమ్ముని పుస్తకాలు ఆ డబ్బుతోనే. "మరి దాన్ని తీరిక అని ఎందుకు వ్రాశావమ్మా?" అని అడిగాను. "ఇంట్లో అందరూ అలాగే అంటారు మేడమ్" అన్నది. ఆ జవాబు నన్ను చాలాకాలం వదలలేదు.

మాటల వెనుక ఉన్న అర్థం

తీరిక అనే తెలుగు మాట 'తీరు' అనే క్రియ నుండి పుట్టింది. పని తీరిన తరువాత మిగిలేది తీరిక. ఉర్దూలో మనం వాడే 'ఫుర్సత్' అరబీ పదం. ఆ భాషలో దాని మూలార్థం అవకాశం. తెలుగు మాట గడచిన పనిని చూస్తున్నది, అరబీ మాట రాబోయే పనిని చూస్తున్నది. రెండింటినీ కలిపితే తీరికకు సరియైన నిర్వచనం లభిస్తుంది: ఒక పని తీరిపోయి, మరొకదానికి అవకాశం దొరికిన వేళ. ఇక 'షౌక్' అంటే మనసులోని కోరిక. ఒకరు చెప్పగా పుట్టేది కాదు. ఇంగ్లీషు 'స్కూల్' అనే మాటకు మూలమైన గ్రీకు పదం 'స్కోలే'కు కూడా తీరిక అనే అర్థం ఉన్నది. చదువుకు, తీరికకు చుట్టరికం నిన్న మొన్నటిది కాదని దీని వలన స్పష్టమవుతున్నది.

ఈ నిర్వచనం ప్రకారం చూస్తే ఆ విద్యార్థిని చేసే జరీ పనికి తీరిక అనే పేరు చెల్లదు. ఆమెకు పని తీరనూ లేదు, వేరొకదానికి అవకాశం దొరకనూ లేదు.

అల్లిక నడచిన దారి

నేతకు పడుగు, పేక అని రెండు వరుసల దారాలు కావాలి. అల్లికకు ఒకే దారం చాలు. రెండు సూదుల మీద ఆ దారాన్ని మెలికలుగా చేసి, ఒక మెలికలోనుంచి మరొక మెలికను లాగుతూ పోతే వస్త్రం తయారవుతుంది. అందువలన దీనికి ఒక బలహీనత, ఒక సుగుణం రెండూ ఉన్నాయి. ఒక మెలిక జారితే దాని క్రింది వరుసలు కూడా విడిపోతాయి. కాని తప్పు తెలిసినప్పుడు వెనక్కు విప్పి, అదే దారంతో మళ్లీ అల్లుకోవచ్చు. దారం వృథా కాదు.

ఇప్పటికి దొరికిన అల్లికలలో మిక్కిలి పురాతనమైనవి ఈజిప్టుకు చెందినవి. 11 నుండి 14వ శతాబ్దం వరకు ఇస్లామీయ యుగంలో అల్లిన నూలు మేజోళ్లు అక్కడ లభించాయి. తెలుపు, నీలం రంగుల దారాలతో చేసిన ఆ మేజోళ్లలో కొన్నింటిమీద అరబీ అక్షరాల అలంకారం కూడా ఉన్నది. స్పెయిన్ దేశంలో బుర్గోస్ నగరం దగ్గరి మఠంలో, 1275లో మరణించిన రాకుమారుడు ఫెర్నాండో సమాధి నుండి పట్టు దారంతో అల్లిన దిండు గలీబు బయటపడింది. దానిమీద కూఫీ లిపిలో 'బరకత్' అనే అర్థమిచ్చే అరబీ మాట అల్లి ఉన్నది. క్రైస్తవ రాజకుటుంబం కొలువులో ముస్లిం పనివారు చేసిన పని అది. ఒక సూది మొన మీద రెండు సంస్కృతులు కలుసుకున్నాయనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఆ పనివారికి అల్లిక వ్యాపకం కాదు, జీవనోపాధి. ఐరోపాలో చాలాకాలం అది కూలి పనిగానే సాగింది. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రాన్ని కనిపెట్టాడు. కాలక్రమాన యంత్రాలు పెరిగి, చేతి అల్లిక ఉపాధిగా తగ్గి, ఇష్టంకోసం చేసుకొనే పనిగా నిలిచింది. అంటే ఒకే పని ఒకరికి కూలి, మరొకరికి షౌక్ కావచ్చునన్నమాట. పనిని చూసి ఏది ఏదో చెప్పలేము. ఆ పని చేసే మనిషి స్థితిని చూడాలి.

నర్సాపురం నేర్పే పాఠం

ఈ విషయానికి మన నేలమీదనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురం ప్రాంతానికి 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక వచ్చింది. ఇది రెండు సూదుల పని కాదు. కొన వంగిన ఒకే సూదితో సన్నని నూలు దారాన్ని అల్లే క్రోషే పని. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది, దానివల్ల వ్యాపారులు ధనవంతులయ్యారు. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథం ప్రకటించింది. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూ ఆ స్త్రీలు రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. అయినా వారిని ఇంట్లో కూర్చున్న గృహిణులుగాను, వారి శ్రమను తీరిక వేళ కాలక్షేపంగాను లెక్కగట్టారు. కాలక్షేపానికి ఎవరైనా సరియైన కూలి ఇస్తారా? ఆ ఒక్క మాట అడ్డుపెట్టుకొనే వారి కూలి అంత తక్కువగా నిలిచిపోయిందని ఆమె వివరించింది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. పనికి గౌరవం రావడం సంతోషమే. ఆ గౌరవం పని చేసిన చేతి వరకు అందినప్పుడే అది సంపూర్ణం.

మా నానీ చెప్పిన కొలమానం

నాకు అల్లిక నేర్పినది మా నానీ. ఆమెకు చదవడం రాదు. సెలవులలో నేను ఉర్దూ పత్రికలోని కథలు పైకి చదువుతుంటే ఆమె అల్లుతూ వినేది. మధ్యలో సూదులు ఆపి, "ఆగు బేటీ, ఆ మాట మళ్లీ చదువు" అనేది. చదువు రాని ఆ శ్రోత వలననే చదవడం అంటే నిలిచి ఆలోచించడమని నాకు తెలిసింది. దారపు ఉండ దొర్లి మంచం క్రిందికి పోతే నేను కంగారుపడేదాన్ని. "కొస నీ చేతిలో ఉన్నంతవరకు ఉండ ఎక్కడికి దొర్లినా భయం లేదు" అని ఆమె నవ్వేది.

తీరికకు ఇంతకంటె మంచి కొలమానం నాకు గ్రంథాలలో కనిపించలేదు. ఏ వ్యాపకమైనా సరే, కొస ఎవరి చేతిలో ఉన్నది అని అడగాలి. నేను టోపీ అల్లుతున్నప్పుడు కొస నా చేతిలో ఉన్నది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలను. నర్సాపురం స్త్రీకి దారం చేతిలో ఉన్నా కొస వ్యాపారి చేతిలో ఉండేది.

పుస్తకం విషయంలో కొస పాఠకుని చేతిలోనే ఉంటుంది. పుట చివర ఆగవచ్చు, వెనక్కు తిరగవచ్చు, రచయితతో వాదించవచ్చు. మన పెద్దలు ఈ విలువ గుర్తించినందువల్లనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పల్లె ప్రజల తీరికను వెదుక్కుంటూ పుస్తకమే కాలువ మీద ప్రయాణం చేసింది.

ఇక ఫోను సంగతి. ఫోను చెడ్డదని నేను అనను. రాని అల్లిక నమూనాలు ఎన్నో నేను దానిలో చూసియే నేర్చుకున్నాను. దూరదేశంలో ఉన్న తమ్ముని ముఖం మా అమ్మీకి దానిలోనే కనిపిస్తుంది. చిక్కంతా మరొకచోట ఉన్నది. అల్లికలో వరుసకు చివర ఉంటుంది, పుస్తకంలో పుటకు చివర ఉంటుంది. అక్కడ చేయి ఆగుతుంది, మనసు 'ఇక చాలా?' అని తనను తాను అడుగుతుంది. 2006లో ఏజా రాస్కిన్ అనే రూపకర్త తెరమీద పుట ముగియకుండా క్రింది నుండి క్రొత్త విషయం వస్తూనే ఉండే పద్ధతిని కల్పించాడు. తరువాత తానే అందుకు బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. చివర లేనిచోట ఆగడం ఎలా? మొన్నటి శనివారం సగం అల్లిన స్వెటరు ఒళ్లో పెట్టుకొని రెండు గంటలు ఫోను చూశాను. మరునాడు ఉదయం ఏమి చూశానో తలచుకుంటే ఒక్క సంగతీ జ్ఞాపకం రాలేదు. స్వెటరు ఒక్క వరుస పెరగలేదు. ఆ రెండు గంటలు తీరికే అనుకున్నాను. కొస మాత్రం నా చేతిలో లేదు.

ముగింపు

విద్యార్థులారా! మీ తీరికను మీరే ఏలుకొనండి. ఒక చేతిపని నేర్చుకొనండి. అబ్బాయిలకు అల్లిక తగదని ఎవరైనా నవ్వితే బుర్గోస్ దిండును తలచుకొనండి. అది తమ విద్యతో రాజగృహంలో స్థానం పొందిన పనివారి చేతి పని. తప్పు వచ్చినప్పుడు విసుగుకోక విప్పి మళ్లీ మొదలుపెట్టే ఓర్పు పరీక్షలలోనూ, జీవితంలోనూ అక్కరకు వస్తుంది. ఇంట్లో అక్కచెల్లెళ్లు చేసే పనికి 'ఖాళీగా ఉండి చేస్తుంది' అనే మాట వాడకండి. దానిని పని అని పిలవండి, అందులో చేయి కలపండి.

కమిటీ పెద్దలకు నా మనవి ఒకటే. శనివారం సాయంకాలం మూడింటికే మన గ్రంథాలయం తలుపులు మూతపడుతున్నాయి. మరొక రెండు గంటలు తెరచి ఉంచవలసిందిగా కోరుతున్నాను. ఆ రెండు గంటలు అక్కడ కూర్చొని బాధ్యత వహించడానికి నేను సిద్ధం. నా సూదులు, ఊలు కూడా తెచ్చుకుంటాను.

ఆ విద్యార్థిని ఇప్పటికీ జరీ పని చేస్తూనే ఉన్నది. అది మానమని చెప్పే హక్కు నాకు లేదు. కాని వారానికి రెండు గంటలు పుస్తకం చేతబట్టి కూర్చొనే చోటు ఆమెకు మన కళాశాలలో దొరికితే, ఆ రెండు గంటల కొస ఆమె చేతిలో ఉంటుంది.