పేరు కంటె ముందు రూపము : పసిపిల్లలకు ఆకృతుల పాఠము

గణితము అంకెలతో ఆరంభమగునని సాధారణముగా భావింతుము. వాస్తవమునకు ఒకటి, రెండు లెక్కింప నేర్వక మునుపే శిశువు ఆకృతులను పోల్చుకొనుచుండును. గాజును నేలపై దొర్లించి ఆనందించును. అగ్గిపెట్టెను అట్లు దొర్లింప యత్నింపదు. ఈ సహజ జ్ఞానమును వృత్తము, త్రిభుజము, చతురస్రము, దీర్ఘచతురస్రము అను సమతలాకృతుల స్పష్టమైన గుర్తింపుగా తీర్చిదిద్దుట శిశు తరగతి ఉపాధ్యాయుని తొలి కర్తవ్యములలో ఒకటి. ఇది చూచుటకు అల్పమైన పనివలె తోచును. కాని నాలుగు బొమ్మలను గోడకు తగిలించి, నాలుగు పేర్లను వల్లె వేయించినంత మాత్రమున నెరవేరునది కాదు. ఉర్దూ, తెలుగు భాషలు రెండును వినిపించు తరగతులలో ఈ విషయము మరింత శ్రద్ధతో ఆలోచింపదగినది.

జర్మనీ దేశమున 1837లో శిశు విద్యాలయమును నెలకొల్పిన ఫ్రోబెల్ పిల్లల చేతికి మొదట బంతిని, ఘనమును, స్థూపమును ఇచ్చి, ఆ తరువాతనే పలుచని బిళ్ళలను ఇచ్చెను. 1907లో రోము నగరమున పేద పిల్లల కొరకు బాలగృహమును ప్రారంభించిన మరియా మాంటిస్సోరి, చెక్కతో చేసిన ఆకృతుల అంచుల వెంబడి పిల్లల వ్రేళ్ళను నడిపించెను. ఆమె 1939లో మన దేశమునకు వచ్చి మద్రాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. ఇరువురును కంటికి చేతిని తోడు చేసిరి.

పిల్లలు ఆకృతులను ఎట్లు గ్రహింతురను అంశముపై హాలెండు దేశపు దంపతులు పియరె వాన్ హీలె, డీనా వాన్ హీలె 1957లో విలువైన సిద్ధాంతమును వెలువరించిరి. వారు చెప్పిన తొలి మెట్టున బిడ్డ ఆకృతిని దాని మొత్తపు రూపును బట్టియే గుర్తించును. భుజములను, మూలలను విడదీసి చూడదు. తలుపువలె నున్నది గనుక దీర్ఘచతురస్రము, సమోసావలె నున్నది గనుక త్రిభుజము. గుణములను బట్టి గుర్తించుట రెండవ మెట్టు. బిడ్డను పై మెట్టునకు చేర్చుటలో వయస్సు కంటె బోధనకే ప్రాధాన్యము గలదని వారి ప్రతిపాదన.

సంక్రాంతి దినములలో హైదరాబాదు మేడలపై ఎగురు పతంగిని తీసికొనుడు. దాని కాగితము ఇంచుమించు చతురస్రమే. బల్లపై సమముగా పరచినపుడు చతురస్రమని చెప్పు బిడ్డ, దానినే మూలపై నిలిపినచో "పతంగి" అనును. ఆకృతి మారలేదు; నిలిపిన తీరు మారినది. ఇట్లే అడుగున వెడల్పుగా, పైన మొనగా నున్న దానినే ఎల్లప్పుడు చూపుచు వచ్చినచో, తలక్రిందైన త్రిభుజమును, సన్నగా సాగిన త్రిభుజమును బిడ్డ అంగీకరింపదు. ఈ లోపము మనము ఎన్నుకొన్న ఉదాహరణలలో గలదు.

కనుక పాఠమును ఈ క్రమమున నడుపుట మేలు.

మొదటిది, వేరుచేయుట. అట్టముక్కలతో పలు పరిమాణములలో, పలు రంగులలో ఆకృతులు కత్తిరించి కుప్పగా పోసి, ఒకే తీరువానిని ఒకచోట చేర్చుమని చెప్పవలెను. రంగును విడిచి రూపమును పట్టుకొనుట ఇచ్చట నేర్వవలసినది. ఈ దశలో పేర్లతో పని లేదు.

రెండవది, తడిమి చూచుట. ముక్కలను గుడ్డ సంచిలో వేసి, లోనికి చూడకుండ ఒకదానిని తడిమి, దాని జతను బల్లపై చూపుమనవలెను. మూలలు ఎన్ని, అంచు తిన్ననిదా, వంపుదా అనునది వ్రేళ్ళే చెప్పును.

మూడవది, చుట్టు గీయుట. బంతిని వృత్తమనుట పిల్లలకు పరిపాటి. గ్లాసును కాగితముపై బోర్లించి చుట్టు గీత గీయించినచో వృత్తము, అగ్గిపెట్టె చుట్టు గీయించినచో దీర్ఘచతురస్రము లభించును. వస్తువునకును దాని ముఖమునకును గల భేదము ఇట్లు సులభముగా తెలియును.

నాలుగవది, నిర్మించుట. చీపురు పుల్లలను బంకమట్టి ఉండలతో అతికింపవలెను. మూడు పుల్లల త్రిభుజము ఒక ప్రక్కకు నెట్టినను రూపు చెడదు. నాలుగు సమానమైన పుల్లల చతురస్రము మాత్రము ఒరిగిపోవును. భుజములు నాలుగును సమానముగనే యున్నను అది ఇక చతురస్రము కాదు. మూలలు కూడ సరిగా నుండవలెనని బిడ్డ ఇచ్చట కన్నులార చూచును. కాగితమును ఒకసారి మడచి, ఆ మడత అంచు తనపై తాను పడునట్లు మరల మడచినచో ఏర్పడు మూల, సరియైన మూలను పరీక్షించుటకు చాలిన పరికరము.

ఐదవది, కానివానిని చూపుట. ఒకచోట కలియక విడిపోయిన మూడు గీతలను, వంపు భుజము గల బొమ్మను చూపి, "ఇది ఏల త్రిభుజము కాదు?" అని అడుగవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. "రెండు పొడుగు, రెండు పొట్టి భుజములు గలదియే దీర్ఘచతురస్రము" అని వల్లె వేయింపరాదు. నాలుగు మూలలును లంబకోణములైన చతుర్భుజము దీర్ఘచతురస్రము గనుక, చతురస్రము కూడ అందులో ఒక విశేష రూపమే. నేడు నేర్పినది పై తరగతి పాఠమునకు అడ్డు రాకూడదు.

ఉపకరణములకు ధనము అక్కరలేదు. రొట్టె వృత్తము, సమోసా త్రిభుజము, హైదరాబాదు విందులలోని లుఖ్మీ చతురస్రము. క్యారం బోర్డుపై చతురస్రమును వృత్తములును ఒకేచోట కనిపించును. 1591లో నిర్మితమైన చార్మినారు నేలపై ఆక్రమించిన స్థలము కూడ చతురస్రమే.

ఇక పేర్ల సంగతి. ఇంట ఉర్దూ పలుకు బిడ్డ పెద్దల నోట ముసల్లస్ అనియు, తెలుగు బడిలో త్రిభుజమనియు, ఇంగ్లీషు పుస్తకమున ట్రయాంగిల్ అనియు వినును. చతురస్రమును మురబ్బా అన్నచో పసివానికి మామిడి మురబ్బాయే మొదట తలపునకు వచ్చును! అయినను ఈ పేర్లను పరిశీలించినచో ముచ్చట గొలుపు సామ్యము కనిపించును. త్రిభుజములో మూడు గలదు. అరబ్బీనుండి వచ్చిన ముసల్లస్‌లోను మూడే గలదు. చతురస్రము నాలుగు మూలలను చెప్పును. మురబ్బా కూడ నాలుగునే చెప్పును. దీర్ఘచతురస్రములో దైర్ఘ్యము, ముస్తతీల్‌లో "తూల్", అనగా పొడవు, ఇమిడియున్నవి. వృత్తము, దాయిరా అను రెండు పేర్లకును చుట్టి తిరుగుట అను భావమే మూలము. ఉపాధ్యాయుడు ఇంటి భాషలోని మాటతో మొదలిడి, బడి భాషలోని మాటను దాని ప్రక్కన నిలిపినచో బిడ్డకు భారము తగ్గి, రెండు భాషలును దగ్గరగును.

దీనిని విస్మరించినచో కలుగు నష్టము చిన్నది కాదు. "త్రిభుజమును చూపుము" అనగా మౌనముగా నిలిచిన బిడ్డను మందమతి యని ఎంచి వెనుక వరుసకు పంపుట సులభము. అదే బిడ్డ చేతికి ముక్కల సంచి నిచ్చినచో త్రిభుజములన్నిటిని ఏరి చూపవచ్చును. మాట తెలియకపోవుటకును, విషయము తెలియకపోవుటకును గల భేదమును గమనింపని పరీక్ష బిడ్డకు అన్యాయము చేయును. ఆరేండ్ల ప్రాయమున పడిన ముద్ర పదవ తరగతి వరకును వెన్నంటి రావచ్చును.

ఉపాధ్యాయ వృత్తిని చేపట్టబోవు విద్యార్థినీ విద్యార్థులు ఈ భేదమును మనమున నుంచుకొందురు గాక. ఒక గుడ్డ సంచి, కొన్ని అట్టముక్కలు, గుప్పెడు చీపురు పుల్లలు, బిడ్డ ఇంటి భాషయెడల ఆదరము, ఇవి యున్నచో ఏ చిన్న బడిలోనైనను ఈ పాఠము చక్కగా సాగును.