సీతాకోకచిలుకలు మళ్లీ రావాలంటే

ప్రశ్న: మా కాలనీ సీతాకోకచిలుకల తోటను రెండేళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. వయ్యారిభామ కమ్మేసింది. పూలున్నా సీతాకోకచిలుకలు రావడం లేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అమ్మా, పూలు తేనెనిస్తాయి గానీ గొంగళిపురుగుకు కావలసింది ఆకు. అది లేనిచోట తల్లి గుడ్లు పెట్టదు. ముందు గ్లౌజులు వేసుకుని, వయ్యారిభామను పూతకు రాకముందే వేళ్లతో సహా పీకించండి. తొలకరి పడగానే కరివేపాకు, నిమ్మ, తంగేడు, రేల నాటండి. జిల్లేడు ఉంటే, పిల్లలు ఆడేచోట తప్ప, కొట్టేయకండి. తేనెకు నూరువరహాలు చాలు. నిమ్మాకు మీద పక్షి రెట్టలాంటిది కనిపిస్తే చిదిమేయకండి, అది గొంగళిపురుగే! ఆకులు తినేస్తోందని మందు కొట్టారో, శ్రమంతా వృథా.

మొక్కలు వరసగా ఎండిపోతుంటే మట్టి నమూనాతో కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. కలుపు తీసినవారికి దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.