ఇంప్లాంట్ నొప్పి: ఓర్చుకోవద్దు, చెప్పండి

ప్రశ్నలు – జవాబులు

ఊడిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకోవాలని ఉన్నా నొప్పికి భయపడి ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్న పాఠకులు చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను. నొప్పి అసలే ఉండదని ఎవరికీ మాట ఇవ్వను. ఏ దశలో ఎంత ఉంటుందో, దాన్ని ఎలా అదుపులో పెట్టవచ్చో మాత్రం స్పష్టంగా చెప్పగలను.

ప్రశ్న: రెండేళ్ల క్రితం కింది దవడ పన్ను పీకించుకున్నాను. రెండుసార్లు మత్తు ఇంజెక్షన్ ఇచ్చినా ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడు ఆ ఖాళీలో ఇంప్లాంట్ పెట్టించుకోమంటున్నారు. మళ్లీ ఆ బాధ పడలేను. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: మీరు పడ్డ బాధ నిజమే. ఆ రోజు మత్తు ఎందుకు పనిచేయలేదో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. ఆ పన్ను కింద చీము, వాపు ఉండి ఉండాలి. చీము పట్టిన చోట ఆమ్లత పెరుగుతుంది. అలాంటి చోట లిగ్నోకైన్ వంటి మత్తుమందు నరంలోకి సరిగా దిగదు. ఎంత మందు ఎక్కించినా కొంత నొప్పి తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మీ పరిస్థితి వేరు. పన్ను తీసి రెండేళ్లయింది, పుండు మాని ఎముక నిండింది. చీములేని, మానిన చోట అదే మందు బాగా పనిచేస్తుంది. అందుకే పన్ను తీయించుకున్నప్పటి కన్నా ఇంప్లాంట్ పెట్టించుకున్నప్పుడే తేలికగా ఉందని చెప్పేవారు ఎక్కువ.

అయినా పాత అనుభవాన్ని మీ డాక్టరుకు ముందే చెప్పండి. కింది దవడలో నరం దారి అందరికీ ఒకేలా ఉండదు. మొదటి ఇంజెక్షన్ గురి తప్పిందని తెలిస్తే డాక్టరు మరో చోట ఇస్తారు. కింది పెదవి సగం మొద్దుబారిందో లేదో, చిగురును పరికరంతో నొక్కితే నొప్పి తెలుస్తోందో లేదో చూశాకే పని మొదలుపెట్టమని అడగండి. మధ్యలో నొప్పి అనిపిస్తే ఎడమచెయ్యి ఎత్తుతానని, వెంటనే ఆపాలని ముందే మాట్లాడుకోండి. ఆపి, మరికొంత మందు ఇచ్చి, మళ్లీ మొదలుపెట్టడం డాక్టరుకు కష్టమేమీ కాదు.

ప్రశ్న: ఎముకకు డ్రిల్లు పెట్టి స్క్రూ బిగిస్తారట. గోడకు మేకు దించినట్టు ఉంటుందని మా ఊళ్లో ఒకాయన చెప్పాడు. వింటేనే ఒళ్లు జలదరిస్తోంది.
– ఒక రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: దవడలో నొప్పి బాగా తెలిసేది చిగురుకి, ఎముకను అంటిపెట్టుకుని ఉండే పలుచటి పొరకి. ఎముక లోపలి భాగంలో నరాలు అంత దట్టంగా ఉండవు. మత్తు ఇంజెక్షన్‌తో చిగురు, ఆ పొర, చుట్టూ ఉన్న ఎముక మొద్దుబారతాయి.

మనకు వెన్నులో చలి పుట్టించే ఆ కీచుమనే చప్పుడు పిప్పిపళ్లను శుభ్రం చేసే ఎయిరోటర్‌ది. అది నిమిషానికి మూడు లక్షల సార్లకు పైగా తిరుగుతుంది. ఇంప్లాంట్ డ్రిల్లు చాలా నెమ్మది. సాధారణంగా నిమిషానికి 800 నుంచి 1500 సార్లే తిరుగుతుంది. పైగా దాని మీద చల్లటి సెలైన్ ధారగా పోస్తూనే ఉంటారు. ఎముక వేడి 47 డిగ్రీల సెల్సియస్ దాటి ఒక నిమిషం ఉన్నా కణాలు దెబ్బతింటాయి కాబట్టి ఈ జాగ్రత్త తప్పనిసరి. సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి, ఒక్కో సైజు పెంచుకుంటూ, ఇంప్లాంటుకు సరిపోయే దారి చేస్తారు.

ఆ సమయంలో దవడ అదిరినట్టు, ఎవరో నొక్కుతున్నట్టు మీకు తెలుస్తుంది. మత్తు ఒత్తిడిని, అదురును పూర్తిగా పోగొట్టదు, నొప్పిని ఆపుతుంది. ఈ తేడా ముందే తెలిసి ఉంటే అదురు మొదలవగానే కంగారుపడరు. ఒక్క ఇంప్లాంటుకు మామూలుగా అరగంట నుంచి గంట పడుతుంది.

లోహాన్ని ఒళ్లు ఒప్పుకుంటుందా, లోపల సలుపుతూ ఉంటుందా అని కూడా మీరు అడిగారు. స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకలో అమర్చిన టైటానియం పరికరాలు ఊడి రాకపోవడం గమనించారు. ఎముక వాటిని తనలో కలిపేసుకుంది. ఆయన 1965లో తొలిసారి ఒక మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లు పెట్టారు. అవి నలభై ఏళ్లకు పైగా, ఆ మనిషి చనిపోయేదాకా పనిచేశాయి. సరిగా అతుక్కున్న ఇంప్లాంట్ సలపదు.

ప్రశ్న: నాకు సూది అంటేనే భయం. ఇంతకుముందు ఒకసారి ఇంజెక్షన్ ఇచ్చాక గుండె దడదడలాడింది. మందు పడలేదేమో అనిపించింది.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: గుండెదడ చాలాసార్లు అలర్జీ కాదు. మత్తు ఎక్కువసేపు నిలవడానికి, రక్తం తక్కువగా కారడానికి ఆ మందులో కొద్దిగా అడ్రినలిన్ కలుపుతారు. అది రక్తంలోకి చేరితే కొన్ని నిమిషాలు గుండె వేగంగా కొట్టుకుంటుంది. భయపడినప్పుడు మన ఒంట్లో పుట్టేదీ అడ్రినలినే. రెండూ కలిసి దడ పెంచుతాయి. అయితే ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం వంటివి ఎప్పుడైనా వచ్చి ఉంటే అది వేరే విషయం. తప్పక చెప్పండి, పరీక్షించాకే మందు ఎంచుకుంటారు.

సూది గుచ్చిన నొప్పిని తగ్గించే పద్ధతులు ఉన్నాయి. ముందు చిగురు మీద మత్తు జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. తర్వాత సన్నటి సూదితో మందును నెమ్మదిగా వదలాలి. వేగంగా నొక్కితేనే ఎక్కువ నొప్పి. ‘జెల్ రాసి, నెమ్మదిగా ఇవ్వండి’ అని అడగడానికి మొహమాటపడకండి.

అప్పటికీ భయం తగ్గకపోతే సెడేషన్ ఉంది. నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్పించడం ఒక పద్ధతి. రక్తనాళం ద్వారా మందు ఇచ్చి మగతలో ఉంచడం మరో పద్ధతి. రెండోదానికి అనుభవమున్న అనస్థీషియా డాక్టరు పక్కన ఉండాలి, ఆక్సిజన్ స్థాయి చూస్తూ ఉండాలి, ఇంటికి తీసుకెళ్లడానికి తోడు కావాలి. సెడేషన్ ఇచ్చినా చిగురుకు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, కానీ ఆ క్షణం చాలామందికి గుర్తు కూడా ఉండదు.

ప్రశ్న: ఇంటికి వచ్చాక నొప్పి ఎన్నాళ్లుంటుంది? ఏం తినాలి? నాకు కిరాణా కొట్టు ఉంది, ఎన్ని రోజులు మూసుకోవాలి?
– ఒక వ్యాపారి, రాజమహేంద్రవరం

జవాబు: మత్తు దిగడానికి మూడు నుంచి ఐదు గంటలు పడుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు నొప్పి ఎక్కువ. వాపు రెండో రోజు, మూడో రోజు బాగా కనిపించి తర్వాత తగ్గుతుంది. ఒక్క ఇంప్లాంటే అయితే చాలామంది మర్నాడో ఆ మర్నాడో పనిలోకి వెళ్లిపోతారు. ఎముక చాలని చోట ఎముక పొడి వేసినా, ఒకేసారి నాలుగైదు పెట్టించుకున్నా వారం దాకా విశ్రాంతి పెట్టుకోండి. కుట్లు ఏడు నుంచి పది రోజుల్లో తీస్తారు.

నొప్పి మాత్ర విషయంలో ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. నొప్పి వచ్చాక కాదు, మత్తు దిగకముందే మొదటి మాత్ర వేసుకోవాలి. నొప్పి ముదిరాక దాన్ని దించడం కష్టం. సాధారణంగా పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కలిపి రాస్తారు. మూత్రపిండాల జబ్బు, కడుపులో అల్సర్, ఆస్తమా ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, వారికి ఐబుప్రొఫెన్ పనికిరాకపోవచ్చు. జ్వరానికో తలనొప్పికో ఇంట్లో ఉన్న పారాసిటమాల్‌ను దీనికి తోడుగా వేసుకోకండి. రోజు మొత్తంలో అది 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. యాంటీబయాటిక్ నొప్పి మాత్ర కాదు, డాక్టరు రాస్తేనే, రాసినన్ని రోజులే వాడాలి.

మొదటి రోజు బుగ్గ మీద బయటినుంచి ఐస్ గుడ్డ పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి, కాసేపు తీసి, మళ్లీ పెట్టండి. రాత్రి తలకింద రెండు దిండ్లు పెట్టుకుంటే వాపు తక్కువగా ఉంటుంది. మొదటి రోజు పుక్కిలించవద్దు, ఉమ్మవద్దు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పి వదిలేయండి.

చల్లారిన రాగిజావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, పప్పు కట్టు, పాలలో నానిన ఇడ్లీ తినండి. కొబ్బరిబోండం నీళ్లు గ్లాసులో పోసుకుని తాగండి, స్ట్రా వద్దు. ఆవకాయ, జంతికలు, చేగోడీలు, వేడివేడి కాఫీ కొన్నాళ్లు పక్కన పెట్టండి. లవంగనూనె, పసుపు, సున్నం కుట్ల మీద పెట్టవద్దు. లవంగనూనె పచ్చిపుండును కాలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు, విజయవాడలో ఉంటారు. షుగర్, బీపీ ఉన్నాయి. గుండెకు స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. ఆవిడ ఇంప్లాంట్ తట్టుకోగలరా?
– ఒక కుమారుడు, డల్లాస్

జవాబు: వయసు అడ్డంకి కాదు, అదుపులో లేని జబ్బులే అడ్డంకి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది 7 లోపు ఉంటే మంచిది, 8 దాటితే ముందు షుగర్ తగ్గించుకోమంటారు. షుగర్ ఎక్కువగా ఉంటే పుండు ఆలస్యంగా మానుతుంది, నొప్పీ అన్ని రోజులు సాగుతుంది. బీపీ 180/110 ఉంటే ఆ రోజు పని వాయిదా వేయాలి.

రక్తం పలచబడే మాత్రలను సొంతంగా ఆపనివ్వకండి. స్టెంట్ ఉన్నవారు మాత్రలు మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. చిగురు దగ్గర కారే రక్తాన్ని కుట్లతో, గాజ్ గుడ్డ ఒత్తి పట్టి ఆపవచ్చు. గుండె డాక్టరు, పంటి డాక్టరు మాట్లాడుకుని నిర్ణయించాలి. స్టెంట్ వేసి కొద్ది నెలలే అయితే ఇంప్లాంట్ ఆగవచ్చు.

మరో ముఖ్యమైన ప్రశ్న అమ్మను అడగండి. ఎముకలు గుల్లబారాయని వారానికో మాత్ర అలెండ్రోనేట్ గానీ, ఏడాదికో ఇంజెక్షన్ జోలెండ్రోనిక్ ఆసిడ్ గానీ తీసుకుంటున్నారా? అవి వాడేవారిలో అరుదుగా దవడ ఎముక మానకుండా పోతుంది. చాలామంది దాన్ని మోకాళ్ల మాత్ర అనుకుని పంటి డాక్టరుకు చెప్పరు. వాడుతున్న మందుల చీటీలన్నీ ఫొటో తీయించి ముందే పంపండి.

ప్రశ్న: మా అత్తగారు ఏళ్లుగా చుట్ట తాగుతారు, అదీ అడ్డపొగ. పళ్లు పెట్టించుకుంటానంటున్నారు. చుట్ట మానాలా?
– ఒక కోడలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మానాలమ్మా. చుట్ట అయినా బీడీ అయినా నికోటిన్ చిగురులోని రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది. రక్తం అందకపోతే పుండు మానదు, ఎముక ఇంప్లాంటును పట్టుకోదు. కనీసం వారం ముందు నుంచి, పెట్టించుకున్నాక రెండు నెలలైనా పొగ మానాలి. పూర్తిగా మానితే అన్నిటికన్నా మేలు. నిప్పును నోటి లోపల పెట్టుకునే అడ్డపొగ వల్ల అంగిలి కాలి మచ్చలు పడతాయి, అవి క్యాన్సర్‌గా మారవచ్చు. పళ్ల సంగతి తర్వాత, ముందు ఆవిడ అంగిలిని డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఆగవద్దు, మొదట్లో ఆ మచ్చలు నొప్పి పెట్టవు.

ప్రశ్న: పై పళ్ల జోలికి వెళితే కళ్లు పోతాయంటారు. నిజమా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కాదు. పై పళ్లకు వెళ్లే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పై దవడలో చూసుకోవలసింది ముక్కు పక్కన ఉండే సైనస్ గదిని. అక్కడ ఎముక పెంచే పని చేస్తే రెండు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.

ప్రశ్న: మామూలు నొప్పి ఏదో, ప్రమాదం ఏదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, వరంగల్

జవాబు: రోజురోజుకూ తగ్గేది మామూలు నొప్పి. మూడు నాలుగు రోజుల తర్వాత తగ్గకపోగా పెరుగుతుంటే, జ్వరం, చీము ఉంటే, గట్టిగా ఒత్తి పట్టినా రక్తం ఆగకపోతే ఆ రోజే ఫోన్ చేయండి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

మర్నాటికి కూడా కింది పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే ఒక్క పూట కూడా ఆగవద్దు. దవడ లోపలి నరానికి ఇంప్లాంట్ ఒత్తుకుంటూ ఉండవచ్చు, త్వరగా తీస్తే నరం కోలుకునే అవకాశం ఎక్కువ. ఈ ముప్పు రాకుండా ముందే దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ తీసి, నరానికి కనీసం 2 మిల్లీమీటర్ల దూరం ఉండేలా చూసుకుంటారు.

కింది దవడలో సుమారు మూడు నెలలకు, పై దవడలో నాలుగు నుంచి ఆరు నెలలకు ఎముక పట్టుకుంటుంది. తర్వాత క్యాప్ పెట్టడం పెద్దగా నొప్పి లేని పని. ఇంప్లాంటుకు నరం లేదు కాబట్టి చల్లటి నీళ్లు తాగినా జివ్వుమనదు. అందుకే ఏడాదికో రెండేళ్లకో అక్కడ నొప్పి, రక్తం, కదలిక కనిపిస్తే చిగురుకు జబ్బు వచ్చిందని అనుమానించాలి. ఆరు నెలలకోసారి చూపించుకుంటే అది ముదరకముందే దొరుకుతుంది.

ఒక మాట: నొప్పిని పళ్ల బిగువున భరించడం మన ఇళ్లలో మంచితనంగా చెలామణి అవుతోంది, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో. పంటి వైద్యంలో అది మీకే నష్టం. వెళ్లేముందు మీ భయాన్ని, మీ జబ్బుల్ని, మీ మందుల్ని చెప్పండి. కుర్చీలో ఉన్నప్పుడు చెయ్యి ఎత్తండి. ఇంటికి వచ్చాక తేడా అనిపిస్తే ఫోన్ చేయండి. ఈ మూడూ ఓపిగ్గా వినే రిజిస్టర్డ్ డాక్టరును ఎంచుకోండి. వినే ఓపిక లేని చోట పని మొదలుపెట్టించుకోకండి.