ఖాళీ అయిన తేనెపెట్టె మళ్ళీ నిండాలంటే

గోల్ ఘర్‌లో క్వార్టర్స్ వెనుక పెరట్లో జామ, మునగ, కొబ్బరి పూల మీద తేనెటీగలు వాలడం చూస్తూనే ఉంటాం. కొన్ని రకాల తేనెటీగలను పెట్టెల్లో పెంచుతారు. అయితే ఒక్కోసారి నిండుగా ఉన్న పెట్టె కొద్ది వారాల్లోనే ఖాళీ అవుతుంది. ఎందుకలా జరుగుతుంది? మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

దక్షిణాదిన ఎక్కువగా పెంచేది పుట్ట తేనెటీగను. చెట్టు తొర్రలు, పుట్టల్లాంటి చీకటి చోట్లు దానికి ఇష్టం. అందుకే పెట్టెలో ఇముడుతుంది. దాని శత్రువుల్లో మూడు ఇవి.

చీమలు: తేనె కోసం, పిల్ల పురుగుల కోసం వస్తాయి. పెట్టె స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే ఎక్కలేవు.

మైనపు పురుగు: ఇదొక రెక్కల పురుగు. రాత్రిపూట వచ్చి పెట్టె పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చిన గొంగళిపురుగులు మైనాన్ని తొలిచి, బూజులాంటి దారాలు అల్లుతాయి. ఈగలు ఎక్కువగా ఉంటే వాటిని లాగి బయట పారేస్తాయి. కాబట్టి పట్టు నిండా బూజు కనిపిస్తే, ఈగల బలం అప్పటికే తగ్గిందని అర్థం.

థాయ్ శాక్‌బ్రూడ్: ఇది వైరస్ జబ్బు. పిల్ల పురుగు నీళ్ళు నిండిన సంచిలా మారి గదిలోనే చనిపోతుంది. కొత్త ఈగలు పుట్టవు, పాతవి ముసలివై రాలిపోతాయి. 1976లో థాయ్‌లాండ్‌లో బయటపడిన ఈ జబ్బు 1978లో మన ఈశాన్య రాష్ట్రాల్లో, 1991లో దక్షిణాదిన కనిపించింది. కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో పెట్టెలు వేల సంఖ్యలో ఖాళీ అయ్యాయి. తేనె మీద బతికే కుటుంబాలకు ఆదాయం పోయింది. ఈ వైరస్‌ను చంపే మందు లేదు.

మరి ఆ పెంపకందారులు ఎలా కోలుకున్నారు? జబ్బును తట్టుకుని మిగిలిన పట్లను వెతికి, వాటి నుంచే కొత్త పట్లు పెంచారు. తట్టుకున్న తల్లి సంతానంలోనూ ఆ శక్తి కొంత ఉంటుంది. ప్రకృతి వరణం గురించి సైన్సు పుస్తకంలో చదివేది ఇదే.

మళ్ళీ మొదలుపెట్టే వరుస ఇది:
1. జబ్బు పట్టిన పాత పట్టును కాల్చేయాలి. మరో పెట్టెలో పెట్టకూడదు.
2. పెట్టెను గీకి, చాకలి సోడా కలిపిన మరిగే నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టాలి.
3. పగుళ్ళు పూడ్చాలి.
4. బలంగా, ఆరోగ్యంగా ఉన్న ఈగలనే తేవాలి.
5. అడుగు పలకను తరచుగా శుభ్రం చేయాలి.

మనకు బదిలీలు మామూలే. సామానుతో పాటు పాత తేనెపెట్టె ఓడెక్కితే జబ్బు కూడా ఎక్కుతుంది. ద్వీపాలకు సముద్రమే కంచె. దాన్ని మనమే దాటించకూడదు. గారాచర్మలోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థలో సలహా అడిగాకే ఈగల పెంపకం మొదలుపెట్టడం మంచిది.

కొత్త చోటికి చేర్చిన ఈగలు వెంటనే దూరం పోవు. ముందు పెట్టె వైపే ముఖం పెట్టి గాలిలో అటూ ఇటూ ఎగురుతూ గుర్తులు నేర్చుకుంటాయి. ఆ తర్వాతే పూల కోసం వెళతాయి. కొత్త బడిలో మొదటి వారం మనం చేసేదీ ఇంచుమించు అదే.

ఆలోచించండి:
1. మైనపు పురుగును చంపినంత మాత్రాన పెట్టె ఎందుకు నిలబడదు?
2. మందు లేని జబ్బు నుంచి ఈగలు ఎలా కోలుకున్నాయి?
3. మీ పెరట్లో ఈ నెల పూసే పూల పేర్లు రాయండి. ఈగలు ఏ వేళలో ఎక్కువగా వస్తున్నాయో దూరం నుంచే గమనించండి.