బలరేఖల మీద వచ్చే అల

సుధా,

స్వీడన్‌లోని కిరునా ఆకాశంలో మొదటిసారి ధ్రువకాంతి చూశానని రాశావు. చాలా సంతోషమమ్మా. అయితే ఆ కిందే, "సూర్యుడి నుంచి వచ్చిన కణాలు ధ్రువాల దగ్గర గాలిలోకి జారి వెలుగుతాయి కదా పెదనాన్నా" అని ఒక మాట రాశావు. మన పాఠ్యపుస్తకాలు కూడా అంతే చెప్పి ఊరుకుంటాయి. కానీ సూర్యుడి నుంచి వచ్చే ఆ కణాల ధారలో, అంటే సౌరపవనంలో, ఒక ఎలక్ట్రాన్‌కు ఉండే శక్తి పది ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టుపక్కల. నువ్వు చూసిన ఆ పచ్చని తెరలను వెలిగించే ఎలక్ట్రాన్లకు వేల ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయి. ఇన్ని వందల రెట్లు పెరిగిన శక్తి దారిలో ఎక్కడ దొరికింది? ఈ ప్రశ్న వదలకు.

ముందు భూఅయస్కాంత తుఫాను సంగతి. సౌరపవనం తెచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే, ఉత్తరానికి చూస్తున్న భూమి బలరేఖలతో అది కలిసిపోతుంది. రేఖలు తెగి కొత్తగా అతుక్కుంటాయి. 1961లో జేమ్స్ డంజీ చెప్పిన మాట ఇది. అలా అతుక్కున్న రేఖలను సౌరపవనం రాత్రి వైపుకు ఈడ్చుకుపోయి పొడవాటి తోకలా సాగదీస్తుంది. తోకలో ఒత్తిడి పేరుకుని పేరుకుని, అక్కడ మళ్లీ రేఖలు తెగి అతుక్కుంటాయి. సాగిన క్షేత్రం ఒక్కసారిగా భూమి వైపుకు ముడుచుకుంటుంది. తుఫాను రాత్రుల్లో ఇది పదేపదే జరుగుతుంది. 2024 మే 10న వచ్చిన తుఫాను 2003 తర్వాత వచ్చినవాటిలో అతి పెద్దది. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే పరిశీలనాలయం కెమెరాల్లో కూడా ఉత్తర దిక్కున ఎర్రని కాంతి పడింది. అంత దూరం నుంచి చూసేవాళ్లకు ధ్రువకాంతి అడుగుభాగం దిగంతం కిందే ఉండిపోతుంది. 200 కిలోమీటర్ల పైన ఆక్సిజన్ ఇచ్చే ఎరుపు మాత్రమే పైకి కనిపిస్తుంది. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 పరికరాలు కూడా ఆ సౌరపవనాన్ని నమోదు చేశాయి.

తోకలో విడుదలైన శక్తి లక్ష కిలోమీటర్లు, అంతకు మించి దూరం దాటి మన గాలి అంచుకు రావాలి. కొంత వేడెక్కిన కణాలతోనే వస్తుంది. కొంత అల రూపంలో వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఈ రెండోదాని గురించే.

ఈ అలను ఊహించినవాడు మీ స్వీడన్ శాస్త్రవేత్తే, హానెస్ ఆల్ఫ్‌వేన్. 1942లో నేచర్ పత్రికలో చిన్న లేఖ రాశాడు. విద్యుత్తును పోనిచ్చే ద్రవంలో అయస్కాంత క్షేత్రం ఉంటే, ఆ రేఖల వెంట ఒక కొత్త రకం తరంగం ప్రయాణించగలదన్నాడు. చాలామంది నమ్మలేదు. 1949లో స్టిగ్ లుండ్‌క్విస్ట్ పాదరసంలో ప్రయోగం చేసి దాని జాడ చూపించాడు. 1970లో ఆల్ఫ్‌వేన్‌కు నోబెల్ వచ్చింది. ఈ అలను నువ్వు వీణ తీగలాగే లెక్కగట్టవచ్చు. తీగ బిగువు ఎక్కువైతే కదలిక వేగంగా పరుగెడుతుంది, తీగ బరువైతే నెమ్మదిస్తుంది. ఇక్కడ బిగువు క్షేత్రానిది, బరువు రేఖలను పట్టుకుని ఉన్న అయాన్లది. అందుకే వేగం క్షేత్ర బలాన్ని బట్టి పెరుగుతుంది, సాంద్రత వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది.

తోకలో క్షేత్రం 20 నానోటెస్లాలు, ఘన సెంటీమీటరుకు 0.3 ప్రోటాన్లు అనుకో. వేగం సెకనుకు దాదాపు 800 కిలోమీటర్లు. భూమికి దగ్గరయ్యే కొద్దీ క్షేత్రం వందల రెట్లు పెరుగుతుంది, సాంద్రత మాత్రం చాలాదూరం వరకు అంతగా పెరగదు. భూకేంద్రం నుంచి మూడు వ్యాసార్ధాల దూరంలో, ధ్రువప్రాంతం మీద, వేగం సెకనుకు పదివేల కిలోమీటర్లు దాటి పోతుంది. 1996లో ఎగిరిన పోలార్ ఉపగ్రహం భూమి వ్యాసార్ధానికి నాలుగు నుంచి ఆరు రెట్ల దూరంలో ఈ అలలను కొలిచింది. అవి కిందికి తెస్తున్న శక్తి, ప్రకాశవంతమైన ధ్రువకాంతిని వెలిగించడానికి చాలినంత ఉందని తేలింది.

ఇక అసలు చిక్కు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. మామూలు ఆల్ఫ్‌వేన్ తరంగంలో విద్యుత్ క్షేత్రం బలరేఖకు అడ్డంగానే ఉంటుంది. అడ్డంగా ఉన్న క్షేత్రం ఎలక్ట్రాన్‌ను రేఖ వెంట కిందికి తోయలేదు. మరి శక్తి ఎలా చేతులు మారుతుంది? బలరేఖలు భూమి దగ్గర ఇరుకవుతాయి గదా, వాటితోపాటు అల అడ్డు కొలత కూడా కుంచించుకుపోతుంది. అది కొన్ని కిలోమీటర్లకు తగ్గినప్పుడు, రేఖ వెంట ప్రవాహం మోయాల్సిన ఎలక్ట్రాన్ల జడత్వాన్ని లెక్కలోంచి వదిలేయడం కుదరదు. అంత వేగంగా మారే ప్రవాహానికి తగ్గట్టు వాటిని కదిలించడానికి రేఖ వెంటే ఒక విద్యుత్ క్షేత్రం పుట్టాలి. అది పుట్టాక, అల కంటే కాస్త నెమ్మదిగా అదే దిక్కున పోతున్న ఎలక్ట్రాన్ మీద దాని తోపు చాలాసేపు ఒకే వైపుకు ఉంటుంది. ఎలక్ట్రాన్ వేగం అందుకుంటుంది, అల అంత మేర క్షీణిస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని 1946లో లెవ్ లాండౌ గణితంలో చూపించాడు.

ఎలక్ట్రాన్లు వేగం అందుకునే చోటును ఉపగ్రహం క్షణంలో దాటిపోతుంది కాబట్టి దీన్ని నేరుగా చూపడం కష్టమైంది. 2021లో అయోవా, వీటన్, కాలిఫోర్నియా విద్యాసంస్థల వాళ్లు లాస్ ఏంజెలిస్‌లో ఉన్న 20 మీటర్ల ప్లాస్మా గొట్టంలో ఆ అలను పుట్టించి, దాని వేగానికి దగ్గరగా ఉన్న కొద్ది ఎలక్ట్రాన్లు శక్తి పుంజుకోవడం కొలిచారు. ఓపికతో చేసిన పని అంటే అది. దాని మీద వాళ్లు రాసిన వ్యాసం తప్పకుండా చదువు.

ఒక జాగ్రత్త. ధ్రువకాంతి అంతా ఈ అలలదే అని ఎక్కడా రాయకు. నిలకడగా ఉండే వోల్టేజీ వల్ల వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు, దాదాపు ఒకే శక్తితో పడి, నిశ్చలమైన చాపాలను వెలిగిస్తాయి. మసకగా పరుచుకునే వెలుగుది ఇంకో కథ, దాని వెనక వేరే ప్లాస్మా తరంగాలున్నాయి. అలలు తోసిన ఎలక్ట్రాన్లలో తక్కువ శక్తి నుంచి ఎక్కువ శక్తి దాకా అన్నీ కలగలిసి ఉంటాయి. ఉపగ్రహ కొలతల్లో వాటిని గుర్తుపట్టేది అలాగే. తుఫాను ముదిరిన కొద్దీ వీటి వాటా పెరుగుతుంది.

ఇప్పుడు నీకొక లెక్క. 300 కిలోమీటర్ల ఎత్తున క్షేత్రం 50,000 నానోటెస్లాలు, ఘన సెంటీమీటరుకు లక్ష ఆక్సిజన్ అయాన్లు అనుకుని అల వేగం కట్టు. మళ్లీ సెకనుకు వెయ్యి కిలోమీటర్ల లోపలికే వస్తుంది. అంటే వేగం మధ్యలో ఎక్కడో శిఖరానికి చేరి, పైకీ కిందికీ తగ్గుతోంది. వేగం అలా చటుక్కున మారే చోట కిందికి వస్తున్న అలలో కొంత భాగం ఏమవుతుందో ఆలోచించి, కిరునా మాగ్నెటోమీటర్ గీతలు పక్కన పెట్టుకుని, నాకు రాయి.

ప్రేమతో,
పెదనాన్న