ఒక్కో రికార్డుకు ఒక్కో గొంతు ఎందుకు?

పెళ్ళి పందిట్లో మైకుసెట్టు అతను రికార్డు మార్చినప్పుడల్లా వాల్యూమ్ తిప్పడం మన పూర్వ విద్యార్థుల్లో కొందరు చూసే ఉంటారు. యంత్రం అదే, స్పీకరు అదే. అయినా ఒక పాట చెవులదరగొట్టేది, మరో పాట గొణిగినట్టుండేది. కారణం మనం చదివిన భౌతికశాస్త్రంలోనే ఉంది. కంపన పరిమితి పెరిగితే ధ్వని తీవ్రత పెరుగుతుంది. రికార్డు మీద ఆ కంపనాలే గాడిలోని వంకరలు. వంకర పెద్దదైతే పాట గట్టిగా వినిపిస్తుంది, కానీ చోటు ఎక్కువ తింటుంది. ఇక కారణాలు చూద్దాం.

1. పాట నిడివి: 7 అంగుళాల, నిమిషానికి 45 చుట్లు తిరిగే సింగిల్‌ను ఆర్‌సీఏ విక్టర్ సంస్థ 1949లో తెచ్చింది. బీటిల్స్ బృందం 1962లో విడుదల చేసిన 'లవ్ మీ డూ' రెండున్నర నిమిషాలు కూడా లేదు. 1968 నాటి 'హే జూడ్' 7 నిమిషాలు దాటింది. ప్లేటు సైజు మాత్రం అదే! పాట పొడవైతే గాడులు దగ్గర దగ్గరగా కోయాలి. పక్క గాడిని తాకకుండా వంకరలు తగ్గించాలి. దాంతో ధ్వని తగ్గుతుంది. మన సినిమా పాటల ఈపీల్లో ఒక్కో వైపు రెండేసి పాటలు పట్టించినప్పుడూ ఇదే చిక్కు.

2. స్టీరియో: మోనో గాడి పక్కలకే ఊగుతుంది. 1958 నుంచి వ్యాపించిన స్టీరియోలో గాడి పైకీ కిందికీ కూడా కదులుతుంది. ఆ కదలిక మితిమీరితే ముల్లు గాడి తప్పుతుంది. అందుకే కోసేవారు జాగ్రత్త పడాలి.

3. పోటీ: జూక్‌బాక్సులో తమ పాటే ముందు వినబడాలని కొన్ని కంపెనీలు గట్టిగా కోయించేవి. 1970 దశకం మధ్యలో డిస్కో కోసం 12 అంగుళాల సింగిల్స్ వచ్చాయి. చోటు పెరిగింది, మోత కూడా పెరిగింది.

మరి ప్రమాణం లేదా? 1954లో అమెరికాలో ఆర్‌ఐఏఏ ప్రమాణం వచ్చింది. కానీ అది మంద్ర, తార స్వరాల సర్దుబాటుకే. పాట ఎంత గట్టిగా ఉండాలో కోసే ఇంజనీరే నిర్ణయించేవాడు.

కాబట్టి మెల్లగా పాడే రికార్డును పాడైందని పారేయకండి. గట్టిగా వినిపించేదే బాగుందని చెవి మోసపోతుంది. రెండింటినీ సమాన ధ్వనికి తెచ్చి, ఆ తర్వాతే తీర్పు చెప్పాలి. మెల్లగా మాట్లాడే మన తోటి విద్యార్థి విషయంలోనూ ఇదే న్యాయమని మేము నమ్ముతున్నాం.