బ్లూ టిక్ పడింది సరే, విషయం అర్థమైందా? షిఫ్ట్ మెసేజ్ పెట్టే పద్ధతి

రాత్రి 10 దాటింది. డ్యూటీ దిగి పాశమైలారం నుంచి బస్సెక్కారు. సీట్లో కూర్చోగానే గ్రూపులో మెసేజ్ పెట్టారు: "అన్నా, పంప్ కొంచెం ప్రాబ్లం ఉంది, చూస్కో." కింద ఒక థంబ్స్ అప్ వచ్చింది, బ్లూ టిక్‌లు కూడా పడ్డాయి. ఇక పనైపోయినట్టేనా?

కాదు. ఏ పంప్? ఏం ప్రాబ్లం? నడపొచ్చా, నడపకూడదా? ఇవేవీ ఆ మెసేజ్‌లో లేవు. బ్లూ టిక్ అంటే మెసేజ్ ఓపెన్ చేశారని మాత్రమే. అర్థమైందో లేదో వాట్సాప్ చెప్పలేదు.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఫార్మా, కెమికల్ యూనిట్లలో కొత్తగా చేరినవాళ్లు మన రీడర్స్‌లో చాలామందే ఉంటారు. కాబట్టి ఈసారి కెమెరా, ప్రాసెసర్ సంగతి పక్కన పెట్టి, చేతిలో ఉన్న ఫోన్‌తోనే షిఫ్ట్ హ్యాండోవర్ సరిగ్గా ఎలా చేయాలో చూద్దాం.

ఇంత సీరియస్‌గా ఎందుకు?

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్ ప్లాంట్‌లో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. దాని కారణాల జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. కానీ ఈ బెల్ట్‌లో పని ఎంత ప్రమాదంతో కూడుకున్నదో ఆ రోజు అందరికీ తెలిసింది.

షిఫ్ట్ మారేటప్పుడు సమాచారం తప్పిపోతే ఏమవుతుందో విచారణలో తేలిన కేసు పైపర్ ఆల్ఫా. ఇది బ్రిటన్ దగ్గర ఉత్తర సముద్రంలోని ఆయిల్ ప్లాట్‌ఫామ్. 1988 జూలై 6న పగటి షిఫ్ట్‌లో ఒక పంప్‌కి సంబంధించిన సేఫ్టీ వాల్వ్‌ని రిపేర్ కోసం తీశారు. పని పూర్తికాలేదు. ఆ విషయం రాత్రి షిఫ్ట్‌కి చేరలేదు. రెండో పంప్ ఆగిపోవడంతో వాళ్లు మొదటిదాన్ని స్టార్ట్ చేశారు. గ్యాస్ లీకై పేలింది. 167 మంది చనిపోయారు. అక్కడ పర్మిట్ పేపర్ ఉంది, కానీ అవసరమైనవాళ్ల కంట పడలేదు.

1. మెసేజ్‌లో ఐదు సంగతులు

ఏ మెషీన్, ఏమైంది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఏం చేయకూడదు, తర్వాత ఎవరు ఏం చేయాలి. పై మెసేజ్‌నే ఇలా రాయండి:

"ఫీడ్ పంప్ 2: సీల్ దగ్గర లీక్. రాత్రి 9:20కి ఆపి, ట్యాగ్ వేశాం. స్టార్ట్ చేయొద్దు. ఇప్పుడు పంప్ 3 నడుస్తోంది. మెకానికల్ టీమ్ ఉదయం 7కి వస్తుంది, అప్పటిదాకా గంటకోసారి పంప్ 3 ప్రెజర్ చూడాలి."

టైప్ చేయడానికి ఒక్క నిమిషం ఎక్కువ పడుతుందేమో. అర్ధరాత్రి ఫోన్ చేసి మిమ్మల్ని నిద్రలేపే పని మాత్రం ఉండదు.

2. "ఓకే అన్నా" సరిపోదు

అవతలి మనిషితో విషయాన్ని తిరిగి చెప్పించుకోండి. "పంప్ 2 ముట్టుకోను, పంప్ 3 మీదే నడుపుతా" అని రావాలి. ఐదు నిమిషాల్లో రిప్లై రాకపోతే కాల్ చేయండి. అసలు గేటు దాటకముందే ఎదురుగా నిలబడి చెప్పడం అన్నిటికంటే మంచిది. మెసేజ్ దానికి తోడు మాత్రమే.

3. భాష తేడా మర్చిపోవద్దు

మన షిఫ్ట్‌లలో ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. గూగుల్ ట్రాన్స్‌లేట్ వాడండి, కానీ వాక్యాలు చిన్నగా రాయండి. ముఖ్యంగా నంబర్లు, "వద్దు" అనే మాట సరిగ్గా మారాయో లేదో ఆ భాష వచ్చినవాళ్లతో ఒకసారి చదివించండి. జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ వాడితే, పంపేముందు నంబర్లు మళ్లీ చూసుకోండి.

4. వాట్సాప్‌లో ఈ సెట్టింగ్స్

- హ్యాండోవర్‌కి విడిగా ఒక గ్రూపు పెట్టండి. గుడ్ మార్నింగ్ ఫొటోలు, క్రికెట్ వీడియోలు అందులోకి రానివ్వొద్దు.
- ముఖ్యమైన మెసేజ్‌ని పిన్ చేయండి. 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని ఆప్షన్లు వస్తాయి. పని పూర్తికాగానే అన్‌పిన్ చేయండి, పాతది చూసి పొరబడకుండా ఉంటారు.
- ఆ గ్రూపులో డిసపియరింగ్ మెసేజెస్ ఆఫ్‌లో ఉంచండి.
- మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయొచ్చు. కానీ సేఫ్టీ విషయంలో చేయొద్దు. ముందే చదివినవాళ్లు మళ్లీ వెనక్కెళ్లి చూడరు. "పై మెసేజ్ తప్పు" అని కొత్తగా పెట్టండి.

5. ఫోన్ ఎక్కడ వాడకూడదు?

సాల్వెంట్ ఆవిరి ఉండే చోట మామూలు ఫోన్ తీసుకెళ్లకూడదు. ఫోన్ లాకర్లో పెట్టమంటే పెట్టాల్సిందే. ప్లాంట్ లోపల ఫొటోలు పర్మిషన్ లేకుండా తీయొద్దు. ఇక అసలు రికార్డు లాగ్ బుక్కే. ఇద్దరి సంతకాలూ అందులో ఉండాలి. గ్రూపులో పెట్టాం కదా అని బుక్ ఖాళీగా వదిలేయొద్దు. అలాగే ప్రమాదం కనిపిస్తే మెసేజ్ టైప్ చేస్తూ కూర్చోవద్దు, ముందు అలారం కొట్టండి.

ఇప్పుడే మీ గ్రూపు తెరిచి, మీరు పెట్టిన చివరి హ్యాండోవర్ మెసేజ్ చదవండి. ఆ రోజు సెలవులో ఉన్న మనిషికి అది ఒక్కటే చూపిస్తే, మీకు ఫోన్ చేయకుండా పని మొదలుపెట్టగలడా? లేదంటే ఈ రోజు డ్యూటీ దిగేటప్పుడు పైన చెప్పిన ఐదు సంగతులతో రాసి చూడండి.